ప్రయాణం ఎవరిదైనా కాగితాలు మీ చేతిలో!

దుబాయి ప్రయాణం ఖాయమైందనగానే మన ఇళ్లలో ముందు మొదలయ్యేది పిండివంటల హడావిడి. సకినాలకు బియ్యం నానబోస్తాం. మామిడి తొక్కు కొత్త డబ్బాలోకి మారుస్తాం. మసాలాలు దంచి పొట్లాలు కడతాం. అంతా చేసి, పాస్‌పోర్టు, వీసాల సంగతికి వచ్చేసరికి మాత్రం ‘అవన్నీ ఆయనకే ఎరుక’ అనో, ‘ఏజెంటన్న చూసుకుంటడు’ అనో ఊరుకుంటాం. అప్పు పత్రం మీద సంతకానికి మాత్రం మనం కావాలి. తాకట్టుకు మన మెడలోని పుస్తెలతాడు కావాలి! మరి ఆ అప్పు దేనికోసమో చెప్పే కాగితం మన కంట పడకపోతే ఎలాగమ్మా?

నేను నిజామాబాద్ జిల్లాలో ముప్పై ఏళ్లు టీచరుగా పనిచేశాను. బోధన్, ఎడపల్లి, వర్ని... ఎక్కడున్నా సాయంత్రం పూట ఎవరో ఒకరు కవరు పట్టుకుని మా గడప దగ్గర నిలబడేవారు. “టీచరమ్మా, ఈ కాయితం ఏందో జర సదివి చెప్పరాదు?” అని. రిటైరయ్యాక కూడా ఆ పని తప్పలేదు. ఇన్నేళ్లలో నాకు అర్థమైన సంగతి ఒకటే. కాగితం ముందు చదివి, డబ్బు తర్వాత కట్టిన ఇళ్లు చాలావరకు తేరుకున్నాయి. డబ్బు ముందు కట్టి కాగితం తర్వాత తెచ్చుకున్న వాళ్లే ఎక్కువగా ఏడుస్తూ వచ్చారు.

మన ప్రాంతానికి ఈ ప్రయాణాలు కొత్త కాదు. ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అని మనవాళ్ల బతుకుల్ని మూడు మాటల్లో చెప్పేస్తుంటారు. 1970ల నుంచీ గల్ఫ్‌కు మనవాళ్లు పోతూనే ఉన్నారు. బోధన్‌కు శక్కర్‌నగర్ ఉన్న రోజుల్లో ఆ కూతవేటు దూరంలో కొన్ని వేల పొయ్యిలు వెలిగేవి. 1930ల చివర్లో నిజాం కాలంలో పుట్టి, ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకున్న ఆ చక్కెర ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. 2015 డిసెంబర్‌లో మూతపడింది. చెరుకు బండ్ల వరుసలు పోయాయి. ఇంట్లో ఆడవాళ్లు బీడీలు చుడుతుంటే మగవాళ్లు పాస్‌పోర్టు తీసుకుని బయల్దేరే ఇళ్లు అంతకు ముందే ఉండేవి. ఆ తర్వాత మరికొన్ని తోడయ్యాయి. ఇప్పుడు ఆడవాళ్లూ వెళుతున్నారు. ఇంటి పనికి, పిల్లల్ని చూసుకోవడానికి, నర్సులుగా, భర్త దగ్గర నాలుగు రోజులు ఉండి రావడానికి. అందుకే ఎవరు వెళ్లినా ఇంట్లో ఇల్లాలికి తెలిసి ఉండాల్సిన సంగతులు కొన్ని ఇక్కడ చెబుతాను.

ముగ్గురు గంగామణులు

మొదటి చిక్కు మన పేర్లతోనే. బడి సర్టిఫికెట్‌లో గంగామణి, రేషన్ కార్డులో గంగవ్వ, ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంతో ఇంకో గంగామణి. ఊళ్లో ఈ ముగ్గురూ ఒక్కరే. విమానాశ్రయంలో మాత్రం ముగ్గురు వేర్వేరు మనుషులు! పాస్‌పోర్టుకు అర్జీ పెట్టకముందే ఆధార్‌లో, మిగతా కాగితాల్లో పేరు, పుట్టిన తేదీ ఒక్కటిగా చేయించుకోవాలి. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు కుదరవు. ఇంటిపేరు ఒక గడిలో, సొంత పేరు మరో గడిలో పూర్తిగా రాయాలి.

‘ఇంటిపేరు లేకపోతే ఏమైతది?’ అనుకోకండి. 2022 నవంబర్ 21 నుంచి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, అంటే మనం మామూలుగా దుబాయి అనే దేశం, పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారిని విజిట్ వీసా మీద రానివ్వడం మానేసింది. రెండో పేజీలో తండ్రి పేరో, ఇంటి పేరో ఉంటే ఒప్పుకుంటామని తర్వాత వివరణ ఇచ్చింది. కొడుకు దగ్గరికో, భర్త దగ్గరికో చుట్టపుచూపుగా వెళ్లే తల్లులు, చెల్లెళ్లు టికెట్టు కొనకముందే ఈ ఒక్క సంగతి చూసుకోవాలి.

పాస్‌పోర్టు కోసం హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. నిజామాబాద్‌లోనే సేవా కేంద్రం ఉంది. అర్జీ కంప్యూటర్‌లో పెట్టి, ఇచ్చిన రోజున అసలు కాగితాలతో మనమే వెళ్లాలి. మన బదులు ఎవరినో పంపితే కుదరదు. కాబట్టి ‘నువ్వు రానక్కర్లేదు, నేను తెచ్చిస్త’ అనే మనిషి మాట అక్కడే పక్కన పెట్టండి. 2021లో బోధన్ చిరునామాలతో బంగ్లాదేశీయులు పాస్‌పోర్టులు తీసుకున్న వ్యవహారం బయటపడి, పోలీసు సిబ్బంది సైతం అరెస్టయిన సంగతి ఈ ప్రాంతంలో అందరికీ గుర్తే. పోలీసు విచారణకు వచ్చినప్పుడు ఇంటి నంబరు, కిరాయి కాగితం, కరెంటు బిల్లు సరిగ్గా చూపించగలగాలి.

ఇక వయసు. ముప్పై నిండని ఆడపిల్లను ఇంటి పనికి పంపడానికి కొందరు దళారులు ఆధార్‌లో వయసు పెంచేస్తారు. ‘అందరూ చేసేదే’ అంటారు. పాస్‌పోర్టు కోసం తప్పుడు సమాచారం ఇస్తే 1967 నాటి పాస్‌పోర్టు చట్టం ప్రకారం రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. కేసు సంతకం పెట్టిన ఆడపిల్ల మీదికి వస్తుంది. వయసు పెంచిన మనిషి పేరు ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

భర్త దగ్గరికి కుటుంబ వీసా మీద వెళ్లేవారికి మ్యారేజీ సర్టిఫికెట్ కావాలి. పెళ్లి ఫొటోలు, శుభలేఖ చాలవు. మన రాష్ట్రంలో పెళ్లి నమోదు తప్పనిసరి చేస్తూ 2002లోనే చట్టం వచ్చింది. అయినా పదేళ్ల కాపురం తర్వాత నమోదుకు పరుగెత్తే జంటలే ఎక్కువ. సర్టిఫికెట్ తెచ్చుకున్నాక రాష్ట్ర ప్రభుత్వం, కేంద్ర విదేశాంగ శాఖ, వెళ్లే దేశాన్ని బట్టి ఆ దేశపు రాయబార కార్యాలయం వేసే ముద్రలు కూడా ఉంటాయి. వీటికి వారాలు పడుతుంది. కొత్తగా పెళ్లయినవాళ్లు గల్ఫ్ ఆలోచన ఉన్నా లేకపోయినా నమోదు పని ఇప్పుడే ముగించుకుంటే మంచిది కదూ!

ఆ మూడక్షరాలు శాపం కాదు

పదో తరగతి పాసు కాని వారి పాస్‌పోర్టులో ‘ఇ.సి.ఆర్.’ అని ఉంటుంది. పని కోసం గల్ఫ్ దేశాలతో పాటు మలేసియా, ఇరాక్, జోర్డాన్ వంటివి కలిపి మొత్తం 18 దేశాలకు వెళ్లాలంటే వీరికి ప్రభుత్వ అనుమతి కావాలి. దీన్నే వలస అనుమతి అంటారు. చాలామంది ఈ మూడక్షరాల్ని అవమానంగా చూస్తారు. నిజానికి అవి మనకు కాపలా. అనుమతి ఇచ్చే ముందు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి యజమాని ఎవరు, జీతమెంత, ఒప్పందం ఏమిటి అని చూస్తారు. ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఈ అనుమతితో వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు, పైన పన్ను. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు వస్తాయి. ఒక చీర ఖరీదంత కూడా లేని ఈ బీమా కాగితం ఎన్ని ఇళ్లలో ఉందో అడిగి చూడండి!

ఆడవాళ్ల విషయంలో ఇంకో రెండు నిబంధనలున్నాయి. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు ఉన్న స్త్రీకి ముప్పై ఏళ్లు నిండితేనే ఈ దేశాల్లో పనికి అనుమతి ఇస్తారు. పైగా 2016 ఆగస్టు నుంచి వీరి నియామకం ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలన్నారు. తెలంగాణలో అలాంటి సంస్థ టామ్‌కామ్. కాబట్టి ‘అక్కా, ఇంటి పనికి పోతవా, నెలరోజుల్ల పంపిస్త’ అని గడపలోకి వచ్చి అడిగే మనిషికి మనం చెప్పాల్సిన జవాబు చాలా చిన్నది: “నీ లైసెన్సు చూపెట్టన్నా.”

లైసెన్సు ఉన్న ఏజెంట్ల పేర్లు ప్రభుత్వపు ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉంటాయి. ఊళ్లలో తిరిగే సబ్ ఏజెంటుకు 1983 వలస చట్టంలో చోటే లేదు. లైసెన్సున్న ఏజెంటు కూడా సేవా రుసుముగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. రసీదు ఇవ్వాలి. దుబాయి వైపు చట్టమైతే నియామకపు ఖర్చులు యజమానివే అంటుంది. మరి మన ఊళ్లో లక్ష, లక్షన్నర ఎవరి జేబులోకి పోతున్నట్టు? అడిగితే ‘వీసా ఖర్చు’ అంటారు. రసీదు అడిగితే మాట మారుస్తారు.

వీసా మీద ఏం రాసుంది?

వీసా చేతికి రాగానే ఇంట్లో పండగ. ఫొటో తీసి చుట్టాలకు పంపేస్తాం. అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. అది విజిట్ వీసానా, పని వీసానా? పని అయితే ఏ పని? ఎవరి పేరు మీద? ఎన్నాళ్లు?

డ్రైవరు పని అని చెప్పి గొర్రెల కాపరి వీసా ఇవ్వడం, ఆసుపత్రిలో పని అని చెప్పి ‘ఖద్దామా’, అంటే ఇంటి పనిమనిషి వీసా ఇవ్వడం మన వైపు విన్న కథలే. కువైట్ వీసాల్లో 18వ నంబరు కంపెనీ పనికి, 20వ నంబరు ఇంటి పనికి. రెండింటికీ చట్టాలు వేరు, పని మారే వీలు వేరు. అరబ్బీ రాదంటారా? నిజామాబాద్, బోధన్‌లలో పదేళ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చినవారు వాడకొకరు ఉన్నారు. టీ ఇచ్చి అడిగితే ఐదు నిమిషాల్లో చదివి చెబుతారు.

విజిట్ వీసా మీద పనికి పంపే పద్ధతికి మన దగ్గర ఒక ముద్దుపేరు కూడా ఉంది, ‘పుషింగ్’ అని. వలస అనుమతి తప్పించుకోవడానికి మనిషిని చుట్టపుచూపు ప్రయాణికుడిగా విమానం ఎక్కించేస్తారు. దిగాక ఆ మనిషికి పని ఒప్పందం లేదు, బీమా లేదు, గడువు దాటితే రోజురోజుకూ జరిమానా. ఆడవాళ్లయితే ఒక దేశంలో దించి మరో దేశానికి తరలించే ప్రమాదమూ ఉంది. ఎక్కడున్నారో ఇంటివాళ్లకే తెలియదు. ‘అక్కడికి పోయినంక వీసా మారుస్తం’ అనే మాట వినబడితే డబ్బులు లెక్కపెట్టడం అక్కడే ఆపేయండి.

ఒప్పందం కాగితంలో జీతం, పని గంటలు, తిండి, వసతి, వారపు సెలవు, తిరుగు టికెట్టు ఎవరిదన్న మాట... ఈ ఆరూ ఉన్నాయో లేదో చూడండి. ఒక కాపీ ఇంట్లో ఉంటే, అక్కడ దిగాక తక్కువ జీతానికి కొత్త కాగితం మీద సంతకం చేయించినప్పుడు పాత కాగితం సాక్ష్యమవుతుంది.

అప్పు కంటే ముందు ఎక్స్‌రే

గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే గుర్తింపు ఉన్న కేంద్రాల్లో వైద్య పరీక్ష చేయించుకోవాలి. ఒకప్పుడు గామ్కా అనేవారు, ఇప్పుడు వాఫిద్ అంటున్నారు. మనవాళ్లు హైదరాబాద్ వెళ్లి చేయించుకుంటారు. క్షయ కోసం ఛాతీ ఎక్స్‌రే, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ వంటి రక్త పరీక్షలు, స్త్రీలకు గర్భ పరీక్ష ఉంటాయి. అక్కడ దిగాక నివాస అనుమతి కోసం మళ్లీ పరీక్ష చేస్తారు. అందులో తప్పితే వెనక్కి పంపుతారు.

ఇక్కడే చాలామందికి తెలియని సంగతి. ఎప్పుడో చిన్నప్పుడు క్షయ వచ్చి, మందులు పూర్తిగా వాడి, ఇప్పుడు నిక్షేపంగా ఉన్నా ఎక్స్‌రేలో పాత మచ్చ కనబడితే ‘అన్‌ఫిట్’ అనేస్తారు. ఈ మాట అప్పు తెచ్చి, ఏజెంటుకు కట్టిన తర్వాత తెలిస్తే ఆ ఇంటి పరిస్థితి ఏమిటి? కట్టిన డబ్బు తిరిగి రాదు, వడ్డీ మాత్రం ఆగదు. అందుకే నన్నడిగిన ప్రతివాళ్లకూ ఒకటే చెబుతాను. ప్రయాణం మాట అనుకున్న రోజే నిజామాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలోనో, తెలిసిన డాక్టరు దగ్గరో ఒక ఎక్స్‌రే, రక్త పరీక్షలు చేయించుకోండి. అప్పు ఆ తర్వాత. ఏదైనా జబ్బు బయటపడినా దాచుకోవాల్సిన పని లేదు. ముందే తెలిసింది కాబట్టి మందు ముందే మొదలవుతుంది. ఇంట్లో వాళ్లకూ పరీక్ష చేయించవచ్చు. బీడీల తంబాకు దుమ్ములో కూర్చుని దగ్గుతూ ‘మామూలేలే’ అనుకునే అక్కలూ, మీరూ ఆ పనిలో పనిగా చూపించుకోండి. దగ్గు రెండు వారాలు దాటితే క్షయ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్షయ పరీక్షలు, మందులు ఉచితం.

హజ్‌కు, ఉమ్రాకు వెళ్లే అక్కచెల్లెళ్లకు సౌదీ ప్రభుత్వం మెదడువాపు రాకుండా వేసే మెనింజైటిస్ టీకా తప్పనిసరి చేసింది. చేరడానికి కనీసం పది రోజుల ముందే వేయించుకుని, సర్టిఫికెట్ పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోవాలి. చివరి రోజుల్లో పరుగెత్తితే ఆ పది రోజుల లెక్క కుదరదు.

మీ మసాలా పొట్లంలో ఏముంది?

ఇప్పుడు వంటింటి సంగతికి వద్దాం. మనం ప్రేమగా దంచి కట్టే మసాలా పొట్లంలో గసగసాలు ఉంటాయి. ఇక్కడ అవి కూరకు చిక్కదనం ఇచ్చే గింజలు. దుబాయి, సౌదీల్లో మాత్రం నల్లమందు మొక్క గింజలు. అక్కడ నిషేధం. చిటికెడైనా పెట్టకండి. దంచిన మసాలాలో కలిపినా పనికిరాదు. గుట్కా, ఖైనీ, పాన్ సామాను, తమలపాకులు కూడా వద్దు. ఎండు కొబ్బరిని, అంటే మన కుడుకల్ని, నూనె ఎక్కువ కాబట్టి మండే సరుకు కింద లెక్కేసి విమానంలోకి ఒప్పుకోరు. కర్పూరం, అగ్గిపెట్టెలు పెద్ద లగేజీలో పనికిరావు. తొక్కు డబ్బా చేతి సంచిలో కాకుండా లగేజీలో, నూనె కారకుండా రెండు కవర్లలో పెట్టండి. సకినాలు, గారెప్పలకు ఏ ఇబ్బందీ లేదు లెండి!

మందుల విషయంలో ఇంకా జాగ్రత్త. మన మెడికల్ షాపుల్లో నొప్పులకిచ్చే ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందు, నిద్రకు వాడే అల్ప్రాజోలాం లాంటివి గల్ఫ్‌లో మత్తు మందుల చట్టం కిందికి వస్తాయి. డాక్టరు రాసిచ్చినవైనా ముందస్తు అనుమతి కావాల్సి ఉంటుంది. బీపీ, షుగరు మాత్రలైతే షాపు పట్టీల్లోనే ఉంచి, డాక్టరు ఇంగ్లీషులో రాసిన చీటీ జత చేయండి. మాత్రలన్నీ విప్పి ఒకే డబ్బాలో పోయడం, పేరులేని చూర్ణాలు పొట్లం కట్టడం మానుకోవాలి.

అన్నిటికన్నా ప్రమాదం ఇతరుల పార్సిల్. ‘మా తమ్ముడికి ఈ చిన్న సంచి ఇస్తే చాలొదినా’ అంటే కాదనలేం. 2019లో ముంబయి నుంచి ఖతార్‌కు వెళ్లిన ఒక జంటకు దగ్గరి బంధువే ఒక పొట్లం ఇచ్చింది. దోహా విమానాశ్రయంలో తీస్తే అది 4 కిలోల గంజాయి సరుకు. ఆ అమ్మాయి అప్పుడు గర్భవతి. పదేళ్ల శిక్ష పడింది, బిడ్డ జైల్లోనే పుట్టింది. వాళ్లకేమీ తెలియదని తేలి 2021లో నిర్దోషులుగా బయటపడ్డారు. అందరికీ అంత అదృష్టం ఉంటుందా? చుట్టరికం పోతుందని భయపడకండి. సంచి విప్పి, ఇచ్చినవాళ్ల ఎదుటే ఒక్కొక్కటీ చూసి సర్దండి. విప్పడానికి ఒప్పుకోకపోతే ఇక ఆ సంచి మనది కాదు.

బంగారం దగ్గర ఆగి ఆలోచించండి

వచ్చేటప్పుడు అడిగేది బంగారమే కదా! ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చే స్త్రీ 40 గ్రాములు, పురుషుడు 20 గ్రాముల నగలు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చన్నది ఏళ్లుగా ఉన్న లెక్క. అవి నగలే కావాలి. బిస్కెట్లకు, నాణేలకు ఇది వర్తించదు. నెల రోజులకు చూసి వచ్చినవారికీ వర్తించదు. 2016 నిబంధనల్లో గ్రాములతో పాటు స్త్రీకి లక్ష, పురుషుడికి 50 వేల రూపాయల విలువ హద్దు కూడా పెట్టారు. ధరలు పెరిగాక ఆ లక్షకు వచ్చే బంగారం ఎంతో మనకు తెలిసిందే. అందుకే తిరుగు ప్రయాణానికి ముందు కస్టమ్స్ వారి ఆనాటి నిబంధన చూసుకుని కొనాలి.

మన ఒంటిమీది నగలతో వెళ్లి వచ్చేవారికి ఒక చిట్కా. పోయేటప్పుడే శంషాబాద్‌లో కస్టమ్స్ అధికారికి నగలు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే, వచ్చేటప్పుడు ‘ఇవి ఇక్కడివేనా?’ అన్న పేచీ ఉండదు. దుకాణం రసీదులు దగ్గరుంచుకోండి. ఎవరో ఇచ్చిన గొలుసు మెడలో వేసుకుని దాటించి కమీషన్ తీసుకోవడం మాత్రం కలలో కూడా వద్దు. పట్టుబడితే ఆ గొలుసు మీదే అవుతుంది.

రెండు ఇళ్లు

బోధన్ చుట్టుపక్కల రెండు ఇళ్ల సంగతి చెబుతాను. పేర్లు ఎందుకు లెండి. ఒక ఇంట్లో భర్త సౌదీలో నిద్రలోనే పోయాడు. ఆమె దగ్గర ఉన్నది అతని గదిలో ఉండే స్నేహితుడి ఫోన్ నంబరొక్కటే. కంపెనీ పేరేమిటి? తెలియదు. పాస్‌పోర్టు నంబరు? తెలియదు. పంపిన ఏజెంటు ఫోన్ ఎత్తడు. “ఏ ఊర్ల ఉంటుండో గూడ నాకు సక్కగ నోరు తిరగది టీచరమ్మా” అని ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఎవరిని అడగాలో తెలుసుకోవడానికే రోజులు గడిచిపోయాయి. శవం కోసం ఎదురుచూస్తూ ఆ ఇంట్లో నెల దాటిపోయింది.

ఇంకో ఇల్లు. ఆమె బీడీలు చుడుతుంది, చదివింది ఐదో తరగతి. భర్త వెళ్లేముందు ప్రతి కాగితం జిరాక్సు తీయించి, పీఎఫ్ పాసుబుక్కు పెట్టుకునే కవర్లో దాచింది. అక్కడ ఐదు నెలలు జీతం ఇవ్వలేదు. పాస్‌పోర్టు యజమాని గుంజుకున్నాడు. ఆమె ఆ కవరు తెచ్చింది. విదేశాంగ శాఖ 2015లో పెట్టిన ‘మదద్’ వెబ్‌సైటులో ఒక్క సాయంత్రంలో ఫిర్యాదు నమోదైంది, ఎందుకంటే అడిగిన ప్రతి గడికీ ఆమె కవర్లో జవాబుంది. రాయబార కార్యాలయం వాళ్లు యజమానితో మాట్లాడారు. జీతం మొత్తం రాలేదు, కొంత వచ్చింది. మనిషి మాత్రం ఇల్లు చేరాడు.

రెండు ఇళ్లలోనూ ప్రేమకు కొదవ లేదు. మొదటి ఆమెకు ఆ కాగితాలు ఎవరూ ఇవ్వలేదు. ఆడదానికెందుకులే అనుకున్నారు. చనిపోయినప్పుడు బీమాకైనా, గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించిన 5 లక్షల రూపాయల సాయానికైనా పరుగెత్తాల్సింది ఆ ఆడదే. కలెక్టరేట్‌లో అడిగేది మళ్లీ ఆ కాగితాలే. అందుకే వెళ్లేవారు మొహమాటపడినా, ‘నా మీద నమ్మకం లేదా?’ అని కోప్పడినా వదలకండి. నమ్మకం ఉంది కాబట్టే ఇల్లు మన మీద వదిలి వెళుతున్నారని నవ్వుతూ చెప్పి, కవరు చేతిలోకి తీసుకోండి.

కత్తిరించి దాచుకోండి

ఇంట్లో ఒక కవర్లో ఉండాల్సినవి:

పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల జిరాక్సు.

వీసా కాపీ. దాని మీద పని పేరు తెలుగులో రాసి పెట్టుకోవాలి.

ఒప్పందం కాపీ, వలస అనుమతి కాగితం, బీమా కాగితం.

ఏజెంటు లైసెన్సు నంబరు, ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు.

వైద్య పరీక్ష రిపోర్టు, వాడే మందుల చీటీ.

కంపెనీ పేరు, ఊరు, యజమాని ఫోను, గదిలో ఉండే ఇద్దరి ఫోన్లు.

అక్కడ చేరాక ఇచ్చే గుర్తింపు కార్డు ఫొటో. సౌదీలో ఇఖామా అంటారు. ప్రతిసారీ రెన్యువల్ అయ్యాక కొత్తది పంపమనాలి.

ఇద్దరి పేరిట బ్యాంకు ఖాతా పుస్తకం.

వీటన్నిటి ఫొటోలు మీ ఫోన్‌లో ఒకసారి, చదువుకున్న కూతురి ఫోన్‌లో ఒకసారి. విదేశాంగ శాఖ వారి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు 1800 11 3090. కవరు పైన పెద్ద అక్షరాలతో రాయండి. ఫోన్ చేయడానికి డబ్బులు పడవు.